గంజి పడలేదు

మా మేనత్త కాలు ఎలా కాలిందని ఎవరడిగినా గంజి పడిందని చెప్తుంది. కోదాడలో కర్రీ పాయింట్ నడిపే మనిషి కాబట్టి ఎవరూ రెండో ప్రశ్న వేయరు. అన్నం వారుస్తుంటే గిన్నె జారిందట, తప్పుకునేలోపే పాదం మీద పడిందట. చెప్పగా చెప్పగా ఆ కథలోకి ఒక మసిగుడ్డ, పొయ్యి దగ్గర కొంచెం తడి కూడా వచ్చి చేరాయి. నేను పక్కనే కూర్చుని కూర కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తుంటాను. ఆ కథ మొదలవగానే ఫోన్ చూస్తున్నట్టు తల దించుకుంటాను.

గంజి పడలేదు. ఆ కాలు కాలుతున్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లో. బ్యాంకు ఉద్యోగం వచ్చి కోదాడలో పోస్టింగ్ ఇస్తే, మేనత్త ఉండగా కిరాయి రూమెందుకని నాన్న ఇక్కడ దింపేశాడు. మామయ్య పోయాక అత్తమ్మ ఒక్కతే కర్రీ పాయింట్ మీద ఇల్లు నడుపుకొస్తోంది. పొద్దున కూరగాయలు తరగడంతో మొదలుపెడితే రాత్రి గిన్నెలు కడిగేదాకా నిలబడే ఉంటుంది. "కాళ్లున్నన్ని రోజులే మన బేరం కోడలా" అనేది, నేను కాసేపు కూర్చోమన్నప్పుడల్లా.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆటో ఆలస్యమైతే కోపం, బిర్యానీలో ముక్క చిన్నదైతే కోపం. ఆ కోపమంతా ఫోన్‌లో స్టార్ల రూపంలో బయటికొచ్చేది. బెడ్‌షీట్ కొనాలన్నా, జుట్టు కత్తిరించుకోవాలన్నా రివ్యూలు చదవందే కదిలేదాన్ని కాదు. మోసపోయే రకం మనుషులు వేరే ఉంటారని గట్టిగా నమ్మేదాన్ని.

అత్తమ్మకు నడుములో మొదలైన నొప్పి తొడ వెనక నుంచి పిక్కలోకి దిగేది. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. అప్పటికే ఇంకో గమ్మత్తు కూడా జరుగుతుండేది. ఆమె కాలి నుంచి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. కూర కోసం వచ్చినవాళ్లు "అక్కా, నీ చెప్పు గీడనే ఉన్నది, నువ్వు గాడికి పోయినవ్" అంటే అందరం నవ్వేవాళ్లం. ఆమె కూడా నవ్వేది. చెప్పు ఊడిందని పాదానికి ఎందుకు తెలియడం లేదని మాలో ఎవరూ అనుకోలేదు.

ఎముకల డాక్టర్ ఫిజియోథెరపీ రాశాడు. సూర్యాపేటలో మంచి క్లినిక్ ఉందని బ్యాంకులో ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లాం. మునగాల దాటేదాకా అత్తమ్మ సీటులో అటూ ఇటూ ఒరుగుతూనే ఉంది. క్లినిక్ చిన్నదే. మా వంతు వచ్చేలోపు గోడకు ఆనుకుని అత్తమ్మతో సెల్ఫీ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఆ గోడ మీద ఏముందో చూడలేదు.

ఫిజియోథెరపిస్ట్ నాకంటే కొన్నేళ్లు పెద్దదై ఉంటుంది. వచ్చిన దగ్గర నుంచీ ప్రశ్నలే. నొప్పి రాత్రిళ్లు నిద్ర లేపుతుందా, బరువు తగ్గారా, మూత్రం ఆపుకోగలుగుతున్నారా అని అడిగింది. చిన్న సుత్తితో మోకాలి కింద తట్టింది. మూలన మిషన్లు గుడ్డ కప్పుకుని ఉన్నాయి. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. తర్వాత అత్తమ్మను కళ్లు మూసుకోమని, దూది తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పమంది.

"తగిలింది" అంది అత్తమ్మ. కాసేపటికి మళ్లీ "తగిలింది" అంది.

"అమ్మా, నేనింకా పెట్టనే లేదు" అందామె, నెమ్మదిగానే.

నేను ఫోన్‌లో నుంచి తలెత్తాను. మా అత్తమ్మ అబద్ధమాడుతోందని అంటున్నారా అని అడిగాను. గొంతు కాస్త పెద్దదే అయింది, బయట కూర్చున్నవాళ్లు లోపలికి తొంగి చూశారు.

"అబద్ధం గాదండి. చానామంది ఇట్లనే అంటరు. తెలుస్తలేదంటే మేం బాధపడతమనుకుంటరు" అంది.

అత్తమ్మ నా చెయ్యి నొక్కింది, ఊరుకోమని. చివరికి ఇంట్లో చేసుకోమని రెండు వ్యాయామాలు చూపించి, షుగర్ డాక్టర్‌కు ఇమ్మని ఒక చీటీ రాసింది. ఇంతేనా, ట్రీట్‌మెంట్ లేదా అని అడిగాను. ట్రీట్‌మెంట్ మొదలయ్యేది ఇక్కడే అని చెప్పి, అత్తమ్మ వైపు తిరిగి జాగ్రత్తలేవో చెప్పడం మొదలుపెట్టింది. నేను వినలేదు. అప్పటికే ఫోన్‌లో ఆమె క్లినిక్‌కు ఒక్క స్టార్ నొక్కి, 'ప్రశ్నలు తప్ప ట్రీట్‌మెంట్ లేదు, పేషెంట్లను అవమానిస్తారు' అని టైపు చేస్తున్నాను. ఆమె మాట్లాడడం అయిపోయేలోపే పోస్ట్ కూడా అయిపోయింది.

బస్సులో అత్తమ్మ, "ఒక్క మిషనన్న పెట్టకపాయె" అంది. నా కోపానికి ఆ మాట చాలింది.

మర్నాడు ఆ రివ్యూ కింద జవాబు వచ్చింది. 'మేడం, దయచేసి ఒకసారి క్లినిక్‌కు ఫోన్ చేయండి. ముఖ్యమైన సంగతి ఒకటి మీకు కూడా చెప్పాలి.' స్టార్ల కోసం బతిమాలుతోందని నవ్వుకుని, ఆ నోటిఫికేషన్‌ను వేలితో పక్కకు తోసేశాను.

మిర్యాలగూడ మనిషి నాకు రీల్స్‌లో దొరికాడు. ఎవరిదో నడుము పట్టి తిప్పితే టక్కుమని చప్పుడొచ్చింది. పడుకున్నవాడు లేచి నవ్వాడు. కింద అన్నీ మెచ్చుకోళ్లే. ఆదివారాలు కోదాడ వైపు ఇళ్లకు కూడా వస్తాడట. నేను ఫోన్ చేస్తే నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా బండి మీద, వెనక మిషన్ బ్యాగ్ కట్టుకుని వచ్చాడు. తెల్లకోటు వేసుకున్నాడు. అత్తమ్మ చూడగానే "రండి డాక్టర్ సాబ్" అంది.

చాయ్ ఇస్తూ ఏ ఊరని అడిగింది. పెద్దవూర దగ్గర అన్నాడు. అత్తమ్మ పుట్టిల్లూ ఆ పక్కనే. ఇంక ఇద్దరూ కలిసి ఎవరి పొలం పక్కన ఎవరి పొలం, ఎవరి చెల్లెల్ని ఏ ఇంటికి ఇచ్చారు అని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగొచ్చారు. చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు వరస తేలిపోయింది.

"గట్లయితే నేను నీకు పెద్దమ్మ నయితరా" అంది అత్తమ్మ. ముఖం వెలిగిపోయింది.

"అంటే ఈ మేడం నాకు మరదలన్నట్టు" అన్నాడతను నా వైపు చూసి.

"మేడం అనే అను. మరదలంటే బండి గాలి తీసేస్త" అన్నాను.

"పైలం కొడుకా. అది తీసినా తీస్తది" అని అత్తమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత అలా నవ్వడం చూశాను. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి అతను నాకు బావ.

వరస కలిసిన మనిషిని ఏం చదివావని అడగం. అది ఇంటికి వచ్చిన కొడుకును దొంగా అన్నట్టే ఉంటుంది. అత్తమ్మకు అలా అనిపించడంలో వింత లేదు. ఆమె ఆ ఊళ్లలో పెరిగిన మనిషి. మరి బెడ్‌షీట్‌కు పది మంది అభిప్రాయాలు చదివే నేను, మా అత్తమ్మ నడుము మీద చెయ్యి వేసే మనిషి పేరు ఎక్కడైనా నమోదై ఉందా అని ఒక్కసారి కూడా వెతకలేదు. వెతకాలన్న ఆలోచనే రాలేదు.

అతను గట్టిగా నొక్కేవాడు. గట్టిగా నొక్కితేనే నయమవుతుందని ఇక్కడ అందరి నమ్మకం, అత్తమ్మది మరీ. నడుముకు జివ్వుమనే మిషన్ పెట్టేవాడు. పిక్కకు ఎర్ర లైటు పెట్టేవాడు. ఒకటి రెండు వారాలకు నడుము నొప్పి కొంచెం తగ్గింది కూడా. నేను ఐదు స్టార్లు ఇచ్చాను. ఎర్ర లైటు కింద పడుకుని నవ్వుతున్న అత్తమ్మ ఫొటో పెట్టి, 'సొంత మనిషిలా చూసుకుంటారు' అని రాశాను.

ఒక ఆదివారం పొద్దున పాదం మొద్దుబారినట్టు ఉందని అత్తమ్మ చెబితే, లైటును పిక్క మీద నుంచి పాదం మీదకు జరిపాడు.

"వేడి తగుల్తుందా పెద్దమ్మా?"

"ఏం తగుల్తలేదు కొడుకా."

అతను లైటును ఇంకొంచెం దగ్గరికి లాగాడు. ఫిజియోథెరపీ చదువుకున్నవాళ్లెవరైనా ఆ జవాబు విని భయపడి లైటు ఆపేసేవాళ్లని నాకు తర్వాత తెలిసింది. అతనికి లైటు వేడి చాలడం లేదనే అర్థమైంది. నాకూ అదే అర్థమైంది. ఫోనొస్తే అతను వరండాలోకి వెళ్లాడు. అత్తమ్మకు కునుకు పట్టింది. నేను మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఏదో చూసి నవ్వుతున్నాను. ఏం చూశానో ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాదు. ఒకసారి తలెత్తితే పాదం ఎర్రగా కనిపించింది. లైటు ఎరుపనుకున్నాను.

మర్నాటికి చిటికెన వేలి దగ్గర పెద్ద బొబ్బ లేచింది. ఫోన్ చేస్తే, వేడి లోపలికి బాగా పట్టిందని, చెడు నీరు బయటికొస్తోందని, మంచిదేనని చెప్పాడు. నమ్మాను. నొప్పి లేదు కాబట్టి అత్తమ్మ ఆ కాలితోనే పొయ్యి దగ్గర నిలబడింది. బొబ్బ చిట్లింది. దాని చుట్టూ చర్మం నల్లబడడం మొదలయ్యాక గాని నాకు భయం వేయలేదు.

సూర్యాపేటలో దవాఖానకు తీసుకెళ్లాం. సర్జన్ కట్టు విప్పి ఇది ఎలా అయిందని అడిగాడు.

"గంజి పడ్డది సారు" అంది అత్తమ్మ.

ఆ మాట నేను మొదటిసారి విన్నది అక్కడే. గంజి పడితే ఇలా ఒక్కచోటే గుండ్రంగా కాలదమ్మా అని ఆయన నా వైపు చూశాడు. నా గొంతు ఎప్పుడూ అంత చిన్నగా పలకలేదు. లైటు పెట్టించామని చెప్పాను. ఎవరు పెట్టారు, రిజిస్టర్డ్ ఫిజియోథెరపిస్టేనా అన్నాడు. బావ అవుతాడు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

చిటికెన వేలు తీసేశారు. మిగతా పాదం నిలుస్తుందో లేదో కొన్నాళ్లు ఆగితే గాని చెప్పలేమన్నారు. అత్తమ్మ దేనికీ ఏడవలేదు. నిలబడగలనా సారు, అని మాత్రం అడిగింది. వార్డులో ఆమె మంచం పక్కన కూర్చుని, ఆ మిర్యాలగూడ వాణ్ని వదిలిపెట్టనని, పోలీస్ కేసు పెడతానని, వీడియో చేసి పరువు తీస్తానని పళ్లు కొరుకుతున్నాను. అత్తమ్మ చాలాసేపు విని అప్పుడు చెప్పింది.

"ఆ సూర్యాపేట అమ్మ చెప్పింది కోడలా, ఈ కాలుకు వేడి పెట్టనియ్యద్దని. ఎవరు పెడతమన్నా వద్దనమన్నది."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు తెచ్చిన మనిషాయె. నేను వద్దంటే నీకు కోపమొస్తది. పిల్లగాడు గూడ చిన్నబోతడు. కొంచెం వేడికి ఏమయితది తియ్యి అని ఊకున్న."

ఆ మాటలో నింద ఏమీ లేదు. నా కోపానికి భయపడి ఆ మనిషి తన కాలు ఆ లైటు కింద పెట్టింది. ఇంట్లో నా చిరాకును అందరూ సిటీ పిల్ల హుషారు అని ముద్దుగా చెప్పుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

అయినా కోపం మిర్యాలగూడ దాకా తీసుకెళ్లింది. బస్సులో అనాల్సిన మాటలన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. ఎరువుల దుకాణం పైన అతని గది. బోర్డు మీద ఫిజియో కేర్ అని ఉంది, చదువు పేరేమీ లేదు. ఇన్నాళ్లూ ఆ బోర్డు ఫొటో నేను పెట్టిన రివ్యూ పక్కనే ఉంది, ఆ ఖాళీని చూడనే లేదు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. పెద్దమ్మకెట్లుందని అడిగాడు. వేలు పోయిందని చెబితే కుర్చీలో కూలబడ్డాడు. ఒక పెద్ద ఆసుపత్రిలో ఫిజియో గదిలో హెల్పర్‌గా పనిచేశాడట. మిషన్లు మోస్తూ, పెట్టడం చూస్తూ నేర్చుకున్నాడట. డాక్టర్‌వని చెప్పి మోసం చేశావని అరిచాను.

"నేను డాక్టర్నని ఎన్నడన్న చెప్పిన్నా? పెద్దమ్మ డాక్టర్ సాబ్ అన్నది. నువ్వు బావ అన్నవ్. ఏం సదివినవని అడిగితే నేను చెప్పకపోదునా?" అన్నాడు.

తప్పు అతనిదే. తెల్లకోటు అతనే వేసుకున్నాడు, లైటు అతనే దగ్గరికి లాగాడు. అయినా ఫోన్‌లో రాసుకున్న వాటిలో ఒక్కటీ అనకుండానే మెట్లు దిగి వచ్చేశాను.

పోలీస్ స్టేషన్‌కు అత్తమ్మ ఒప్పుకోలేదు. వరస పిల్లగాణ్ని జైలుకు పంపితే పుట్టింటి వైపు తలెత్తుకోలేనంది. గట్టిగా పట్టుబట్టే మొహం నాకూ లేకపోయింది.

గాయం మానాక నడక నేర్పించమని సర్జన్ మళ్లీ మేం మొదట చూపించుకున్న ఫిజియోథెరపిస్ట్ దగ్గరికే పంపాడు. బస్సులో ఆ ఒక్క స్టార్ తీసేశాను. తీసేసినంత మాత్రాన క్షమాపణ అవుతుందా అన్నది వేరే సంగతి. లోపలికి వెళ్లగానే సారీ అన్నాను. ఆమె రివ్యూ ఊసే ఎత్తలేదు. అత్తమ్మ పాదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత, మీరు ఫోన్ చేస్తారేమోనని కొన్నాళ్లు చూశానని మాత్రం అంది.

అతని మీద ఫిర్యాదు ఎక్కడ చేయాలని అడిగాను.

"నా మీదనైతే మీరు గూగుల్ల రాసే పని లేకుండె. మమ్మల్ని రిజిస్టర్ చేసే కౌన్సిల్‌కు రాస్తే నన్ను పిలిచి అడుగుతరు. తప్పు నాదైతే నా రిజిస్ట్రేషన్ తీసేస్తరు. ఆయనది తీసేద్దామంటే అసలు ఉంటే గదా" అంది. "ఆయన మీద పోలీసులకు చెప్పాలె, లేకుంటే ఊకోవాలె."

తలుపులోంచి బయటి గోడ వైపు చూపించింది. ఫ్రేములో ఆమె పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయి. దాని కింద చిన్న కాగితం మీద ఫిర్యాదు చేయాలంటే ఎవరికి రాయాలో తనే రాసి అంటించింది. నేను తల ఆనించి సెల్ఫీ తీసుకున్న గోడ అది.

మళ్లీ దూది తీసింది. అత్తమ్మ కళ్లు మూసుకుంది. నేను ఫోన్ బ్యాగులో పెట్టి దూదినే చూస్తున్నాను. వేళ్ల మీద, పాదం అంచు మీద, మడమ మీద తాకించింది.

"తగుల్తలేదమ్మా" అంది అత్తమ్మ చివరికి.

ఇప్పుడు అత్తమ్మ కర్రీ పాయింట్‌లో ఎత్తు స్టూలు వేసుకుని కూర్చుంటుంది. వంట చాలావరకు పనిమనిషి చేస్తుంది. బ్యాంకు అయ్యాక నేను కవర్లు కడతాను. మునుపటిలా నిలబడలేదు కాబట్టి బేరమూ మునుపటిలా లేదు. రోజూ పడుకునేముందు ఆమె రెండు పాదాలూ వెలుతురులో తిప్పి చూడడం నా పని. గంజి కథ మాత్రం అలాగే నడుస్తోంది. మొదట్లో అది అతన్ని కాపాడడానికి అనుకున్నాను. నా కోడలు మంచిగా చూసుకుంటది అని ఆ కథ చివర ఆమె ప్రతిసారీ చేర్చే మాట విన్నాక ఎవరి కోసమో తెలిసింది.

మొన్న సాయంత్రం రోజూ పప్పు తీసుకెళ్లే ఆటో అన్న వచ్చాడు. "అక్కా, అప్పట్ల ఆదివారం బండి మీద మీ ఇంటికొచ్చిన డాక్టర్ నంబర్ జర ఇయ్యి. మా అమ్మకు మోకాళ్లు పట్టేసినయ్" అన్నాడు.

అత్తమ్మ నా వైపు చూసి గరిటె పప్పులో తిప్పడం మొదలుపెట్టింది. ఆ నంబర్ పోయిందని చెబితే సరిపోయేది. మీ అమ్మకు షుగర్ ఉందా అని అడిగాను. లేనిదెవరికి అన్నాడు.

"అన్నా, ఆయన డాక్టర్ కాడు. ఫిజియోథెరపీ సదువుకోలే. రిజిస్ట్రేషన్ లేదు. అత్తమ్మ కాలు మీద గంజి పడలే. ఆయన లైటు పెట్టి కాల్చిండు. ఆయన్ని తెచ్చింది నేను. అప్పుడు పక్కనే ఉన్న, సూడలే."

కూర కోసం నిలబడ్డ ఇంకో ఇద్దరు కూడా విన్నారు. ఆటో అన్న అత్తమ్మ వైపు తిరిగాడు.

"మరి గంజి అంటివి గదక్కా?"

"అంటి" అంది అత్తమ్మ. పప్పు కవర్‌లో పోసి నాకు అందించింది. "సూర్యాపేట అమ్మది నంబర్ ఇయ్యి కోడలా. ఆమె పేరు, ఆ గోడ మీది నంబరు గూడ రాసియ్యి. పోయినప్పుడు సరిచూసుకుంటడు."

ఫోన్ తీశాను. గోడ మీది నంబరు రాసుకుని లేదు, సెల్ఫీ ఒక్కటే ఉంది. అందులో నేను పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను. అత్తమ్మ రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉంది. నా ముఖాన్ని వేలితో పక్కకు జరిపి, వెనక గోడను పెద్దది చేసి, ఒక్కో అంకె చదివి చెప్పాను.